రాతి నెర్రెలో ఆల్చిప్పలు

దాదావలికి ఆ వేసవిలో జనం మీద విసుగు పుట్టింది.

అతను సముద్రపు ఒడ్డున ఉన్న ఓ చిన్న దర్గాలో వజీర్ బాబాకు శిష్యుడు. దర్గాకు ఆనుకుని పెంకుటి చావడి ఉంది. కింద జాలరి పల్లెలో అన్నీ రేకుల ఇళ్లే. ఏటికేడు ఎండలు ముదిరి, పొద్దెక్కేసరికి ఆ రేకుల కింద మనుషులు ఉడికిపోతున్నారు. అందుకని మధ్యాహ్నమయ్యేసరికి పల్లె పల్లెంతా వచ్చి చావడిలో సర్దుకునేది. వాళ్లకు నీళ్లు మోసే పని దాదావలిది.

నామస్మరణకని కళ్లు మూసుకున్నాడో లేదో, "బాబూ, ఓ సెంబుడు నీళ్లియ్యి" అని ఎవరో ఒకరు. ఓ పక్క గురక, ఓ పక్క పసిబిడ్డ ఏడుపు. చెమట వాసన సరేసరి.

ఒకరోజు తెల్లవారగానే బాబా ముందు నిలబడ్డాడు.

"ఈ ఇరుకులో నాకు దేవుడు దొరకడు బాబా. ఆ చివరి బండ మీద ఒక్కణ్ణే కూర్చుంటాను. వేసవి వెళ్లేదాకా రాను."

"ఎండో?"

"ఓర్చుకుంటాను. ఓర్చుకోవడమే కదా సాధన."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. బాబాకు ఆ సంగతి తెలుసు. "సరే, వెళ్లు" అని నీళ్ల కావడి తనే ఎత్తుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి. చూస్తే దాదావలికి ప్రాణం చివుక్కుమంది. అయినా ఆగలేదు.

దారిలో పల్లె నుంచి ఎర్రమ్మ ఎదురైంది. "ఏటి బాబూ, కూజా ఎత్తుకుని పోతన్నావు? మా మీద కోపమొచ్చిందేటి?" అంది.

"నీ మీద కోపమెందుకవ్వా" అన్నాడు. ఉన్న కోపమంతా ఆ పల్లె మీదే.

బండ దగ్గరికి చేరేసరికి సముద్రం ఆటు మీద ఉంది. నీళ్లు వెనక్కి తగ్గిన చోట, రాతి నెర్రెలో, నల్లటి ఆల్చిప్పలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నోళ్లు బిగించుకుని ఉన్నాయి. పక్క గుంటలో చెయ్యి పెట్టాడు. పొద్దున్నే నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కిందటేడు ఈ వేళకు చల్లగా ఉండేవి. సముద్రమే కాగుతుంటే ఇవి ఎక్కడికి పోతాయి పాపం, పైగా ఈ ఇరుకొకటి అనుకున్నాడు. నిజంగానే జాలేసింది. చాకుతో కొన్నింటిని ఊడదీసి, బండ మీద గాలి తగిలేలా విడివిడిగా పెట్టాడు.

"హాయిగా ఉండండి" అన్నాడు. తనూ వాటి పక్కనే కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

ఆ రోజు అతన్ని నీళ్లడిగినవాళ్లు లేరు. ఇచ్చేవాళ్లూ లేరు. కూజా మిట్టమధ్యాహ్నానికే ఖాళీ అయింది. లేచి వెళ్తే పల్లె నవ్వుతుందని పళ్లు బిగించి కూర్చున్నాడు. బండ సెగకు నామం గొంతులోనే ఎండిపోయింది. దేవుడు కనిపించలేదు గానీ, పట్టపగలే చుక్కలు మాత్రం కనిపించాయి.

ముఖం మీద నీళ్లు పడితే కళ్లు తెరిచాడు. తల వజీర్ బాబా ఒళ్లో ఉంది. పొద్దు వాలుతోంది. పోటు నీళ్లు ఇంకా నెర్రె కిందే ఉన్నాయి.

"లేవగలవా నాయనా?"

దాదావలి మెల్లగా లేచి కూర్చున్నాడు. ముందు తన ఆల్చిప్పల వైపు చూశాడు. విడిగా పెట్టినవన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వేలితో తాకినా మూసుకోలేదు.

"మంచి చేద్దామనుకున్నాను బాబా."

బాబా లేచాడు. శిష్యుడి చెయ్యి పట్టుకుని నెర్రె దగ్గరికి తీసుకెళ్లాడు. గుంపు మధ్య సందులోకి అతని వేలు దూర్చాడు. పైన రాయి ఇంకా కాలుతూనే ఉంది. లోపల తడిగా ఉంది, చల్లగా ఉంది. వేలు తగలగానే అటూ ఇటూ ఉన్న చిప్పలు కదిలి బిగుసుకున్నాయి.

దాదావలి చాలాసేపు వేలు బయటికి తీయలేదు. సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అడగకుండా ఉండలేకపోయాడు.

"ఈ గుంపులోనూ అంచునున్నవి కొన్ని పోయాయి బాబా."

"పోయాయి."

"వచ్చే ఏడు ఎండ ఇంకా ముదురుతుంది. సముద్రం ఇంకా కాగుతుంది. అప్పుడు ఇవేం చేస్తాయి?"

బాబా అతని పక్కనే చతికిలబడ్డాడు. పొద్దుటినుంచి మోసి మోసి కమిలిన భుజం దాదావలి భుజానికి ఆనింది.

"ఇంకాస్త దగ్గరికి జరుగుతాయి" అన్నాడు.