సుక్రమ్మ ఇంట్లోంచి వెళ్లిన గీత

ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో నేను కొంచెం తారుమారు చేయొచ్చు. మాటలు మాత్రం నాకు బాగా గుర్తు.

వానలకు కొండమీంచి దిగే బురద ఎంత దూరం వస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టడం మా తమ్ముడు తాతారావు నేర్పేవాడు. హేమసుందర్ అతని శిష్యుడు. తెలివైనవాడు. ఆ సంగతి తనకూ తెలుసు.

గెడ్డవలసలో ఏ ఇళ్లకు ముప్పు ఉందో తేల్చే పని హేమసుందర్‌కి అప్పగించారు. అతను ఇచ్చే జాబితాలో పేరున్నవాళ్లను వానాకాలానికి ముందే ఎత్తునున్న మెట్టకు తరలిస్తారు. లేనివాళ్లు ఉన్నచోటే ఉంటారు.

ఊరికి వెళ్లి చూసి రమ్మని తమ్ముడు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అతను కంప్యూటర్ ముందే కూర్చున్నాడు.

చివరికి పటం మా ఇంటికి తెచ్చి బల్లమీద పరిచాడు. బురద ఆగేచోట ఎర్రగీత. దానికి ఇవతల, ముప్పున్న వైపు, పద్నాలుగు ఇళ్లు.

"పదకొండుసార్లు లెక్క నడిపించాను సార్. ఇంకా ఏం చూడమంటారు?" అన్నాడు విసుగ్గా.

తమ్ముడు వంగి చూశాడు. గీత ఒక ఇంటిని నిలువునా చీలుస్తోంది.

"ఇదెవరిది?"

"పాంగి సుక్రమ్మది. జాబితాలో రాదండి. ఒక్కో ఇంటినీ ఒక చుక్కగా పెడతాం కదా, ఆ చుక్క గీతకు అవతల పడింది."

తమ్ముడు తల పట్టుకున్నాడు. వెళ్లి నా ముగ్గు డబ్బా తీసుకుని జీపెక్కాడు. నేనూ ఎక్కాను. మా ఇంట్లోంచి వెళ్లిన డబ్బా ఏదీ తిరిగి వచ్చింది లేదు.

ఊళ్లో దిగగానే డబ్బా శిష్యుడి చేతిలో పెట్టాడు. "నీ గీత నేలమీద గియ్యి."

ఫోన్‌లో పటం చూసుకుంటూ, ముగ్గు పోసుకుంటూ, హేమసుందర్ గెడ్డవాగు ఒడ్డునుంచి పైకి వచ్చాడు. సుక్రమ్మ వాకిట్లో ఆగాడు. రాగి అంబలి కాస్తోందేమో, చేతికి చోడిపిండితో ఆమె బయటికొచ్చింది.

"ఏటి బాబూ, నా వాకిట్లో ముగ్గెట్టడానికి నువ్వెవరివి?"

"ముగ్గు కాదమ్మా. బురదొస్తే ఇక్కడిదాకా వస్తుంది."

ఆమె గీతను చూసింది, ఇంటిని చూసింది. "అంటే వంటిల్లు పోద్ది, పడకగది ఉంటాది. అంతేనా?"

"లెక్క ప్రకారం... అంతేనమ్మా."

"మంచిదే. వండడం మానేసి పడుకునే ఉంటాను."

చుట్టుపక్కలవాళ్లు పకపకా నవ్వారు. హేమసుందర్ ముఖం ఎర్రబడింది.

"ఎక్కడో ఒకచోట గీత ఉండాలి కదా సార్!"

"ఉండాలి. ఇంకా అయిపోలేదుగా, గియ్యి."

"ఇంట్లోంచి వెళ్తోంది సార్."

"అయితే ఇంట్లోకే వెళ్లు."

అతను చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. వెనకే మేమూ వెళ్లాం. పొయ్యి పక్కనుంచి ముగ్గు పోస్తూ పోస్తూ, రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర ఆగిపోయాడు. గుమ్మానికి చీర ఉయ్యాల కట్టి ఉంది. అందులో సుక్రమ్మ మనవరాలు నిద్రపోతోంది. మా అలికిడికి కదిలింది కాబోలు, సుక్రమ్మ చెయ్యి చాచి ఉయ్యాలను ఒక్క ఊపు ఊపింది.

ఉయ్యాల వంటింటివైపు వచ్చింది. పడకగదివైపు వెళ్లింది. మళ్లీ వచ్చింది.

హేమసుందర్ గుప్పిట్లో ముగ్గు గుప్పిట్లోనే ఉంది.

"ఉయ్యాల ఎటువైపుందో రాసుకోవయ్యా," అన్నాడు తమ్ముడు.

హేమసుందర్ గుప్పిట్లోది డబ్బాలో పోసి మూత పెట్టాడు. జేబులోంచి కాగితం, కలం తీశాడు.

"పాప పేరేంటమ్మా?" అని అడిగాడు.

సుక్రమ్మ చెప్పింది. అతను రాసుకుని, గీతకు అవతల, జాబితాలో లేని పక్కింటివైపు నడిచాడు.

వకుళా, మీ మేనత్త ఇక్కడ రాసిన పేర్లు ఒకసారి సరిచూడమ్మా. ఆ జాబితా మీ నాన్న బీరువాలోనే ఉంది, హేమసుందర్ చేతిరాత. పాప పేరు పదిహేనో ఇంటి కింద ఉంటుంది.