ఉమ్మడి గోడ

సామర్లకోట మిల్లు కాలనీలో సుదర్శనం అనే ఆయన ఉండేవాడు. ఎవరినైనా ఏదైనా అడగాలంటే ఆయనకు తల కొట్టేసినట్టు ఉండేది.

చెడ్డవాడేమీ కాదు. ఒకరి జోలికి పోయేవాడు కాదు. సహకార బ్యాంకులో ఉద్యోగం, ఇంట్లో భార్య విమల, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు. కుళాయి కారితే తనే బిగించేవాడు, ఫ్యాను ఆగితే తనే విప్పేవాడు. అంతవరకూ బాగానే ఉండేది. కానీ బస్టాండులో నిలబడి, ఇది కాకినాడ బస్సేనా అని పక్కవాణ్ణి అడగడానికి కూడా ఆయనకు నోరు పెగిలేది కాదు. ఒకసారి అలాగే ఏదో బస్సు ఎక్కి పిఠాపురంలో దిగాడు. ఇంటికి వచ్చి, పిఠాపురంలో పని ఉండే వెళ్లానన్నాడు. ఏం పని అని విమల అడిగితే, నీకన్నీ కావాలి అని విసుక్కున్నాడు.

అడిగితే మనకు తెలియదన్న సంగతి ఎదుటివాడికి తెలిసిపోతుందట. అదీ ఆయన భయం. తెలియకపోవడం తప్పు కాదు మహానుభావా అని చెప్పేవాళ్లు లేక కాదు. ఆయన చెప్పనిస్తే కదా.

ఆ కాలనీలో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని వరుసగా ఉండేవి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. సుదర్శనం వాళ్ల హాలు గోడకు అవతల తాయారమ్మ వంటగది. తాయారమ్మ మిషన్ మీద జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. మోకాళ్ల నొప్పులు ఉండేవి గానీ మాటకూ చేతికీ విశ్రాంతి ఉండేది కాదు. విమల ఆవిడను పిన్నిగారూ అని పిలిచేది.

ఈ ఇద్దరి మధ్యా ఒక ఏర్పాటు ఉండేది. తాయారమ్మకు ఏదైనా కావలసి వస్తే అప్పడాల కర్రతో గోడ మీద తట్టేది. విమల వెళ్లేది. గ్యాసు బండ మార్చాలన్నా, అటక మీది డబ్బా దించాలన్నా, ఊరికే కబుర్లు చెప్పుకోవాలన్నా అదే పిలుపు. పొద్దున్నే లేచాక ఒకసారి తట్టేది, బాగానే ఉన్నానని. విమల ఇటునుంచి గరిటెతో బదులు తట్టేది. ఏళ్ల తరబడి ఇదే వరస.

సుదర్శనానికి ఆ చప్పుడు వినపడకపోలేదు. పక్కింటావిడ ఏదో దంచుకుంటోందనుకునేవాడు. చప్పుడైన కాసేపటికి విమల చెప్పులు వేసుకుని బయటికి వెళ్లడం చూసేవాడు. విమల గరిటె పట్టుకుని గోడ కొట్టడం కూడా ఒకటి రెండుసార్లు చూశాడు. బల్లిని తోలుతోందనుకున్నాడు. ఏం చేస్తున్నావని ఏనాడూ అడగలేదు.

ఒక వేసవిలో విమల చెల్లెలికి పురుడు వచ్చింది. విమల సాయానికి అనకాపల్లి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, పిన్నిగారిని కాస్త కనిపెట్టి ఉండండి అని భర్తకు చెప్పింది. ఆయన తలూపాడు. ఎలా కనిపెట్టి ఉండాలో అడగలేదు. ఇన్నేళ్లుగా అదే ఇంట్లో ఉంటున్న మనిషికి గోడ సంగతి తెలియదని విమలకు మాత్రం ఎలా తోస్తుంది?

ఇంట్లో ఒంటరిగా ఉండేసరికి సుదర్శనానికి ఎప్పటినుంచో ఉన్న ముచ్చట బయటికొచ్చింది. వాళ్ల మేనేజరు తన ఇంట్లో హాలు గోడకు చెక్క రంగు ప్యానెళ్లు వేయించాడు. నిలువు గాడులతో, కింది నుంచి పైదాకా. చూసినవాళ్లంతా నోరు తెరిచారు. తన హాలు గోడేమో పెచ్చులూడి, సున్నం రాలుతూ ఉంది. విమల వచ్చేసరికి దాని రూపు మార్చేయాలనుకున్నాడు. పనివాళ్లను పిలిస్తే వాళ్లను ఏదో ఒకటి అడగాల్సి వస్తుంది. అందుకని ఫోనులో వీడియోలు చూశాడు. వీడియోతో ఉన్న సుఖం అదే. మనం అడగక్కర్లేదు, వాళ్లే చెబుతారు.

ప్యానెళ్లు కొన్నప్పుడు కొట్టువాడు ఒక మందపాటి ఫోమ్ షీటు కూడా చూపించాడు. దీన్ని గోడకూ ప్యానెల్‌కూ మధ్య పరిస్తే పక్కింటి చప్పుళ్లు ఇటు రావన్నాడు. సుదర్శనం పొంగిపోయాడు. గోడ అందం సంగతి అటుంచి, ఆ దంపుడు గోల కూడా వదిలిపోతుంది. గోడకంతటికీ సరిపడా కొన్నాడు.

బ్యాంకుకు సెలవు పెట్టి పని మొదలుపెట్టాడు. గోడకు డ్రిల్లుతో బెజ్జాలు వేసి చెక్క బద్దలు బిగించాడు. బద్దల మధ్య ఫోము కూరాడు. దాని మీద ఒక్కొక్క ప్యానెల్ జిగురు పెట్టి, మేకులు కొట్టి అతికించాడు. ప్రతిదానికీ దారానికి బరువు కట్టి వేలాడదీసి నిలువు సరిచూసుకున్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, పని మాత్రం చక్కగా చేశాడు. ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య వెంట్రుకంత సందు లేదు. ఇంత బాగా చేసిన మనిషిని మెచ్చుకోకుండా ఉండలేం. ఆ గోడ రెండిళ్లదీ గదా, అవతలావిడకు ఒక మాట చెబుదామని తోచనందుకు తిట్టకుండానూ ఉండలేం.

విమల ఊళ్లో లేదు కాబట్టి తాయారమ్మ ఆ రోజుల్లో గోడ తట్టడం మానేసింది. మగమనిషిని చిన్న చిన్న పనులకు ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకుంది. విమలే రోజూ పొద్దున ఆవిడకు ఫోను చేసేది.

పని పూర్తయ్యే రోజు వచ్చింది. పొద్దున్నుంచీ సుదర్శనం డ్రిల్లుతో అంచు పట్టీలు బిగిస్తున్నాడు. మధ్యాహ్నానికి ఆఖరి పట్టీ కూడా బిగించి, వెనక్కి జరిగి చూసుకున్నాడు. కడుపు నిండిపోయింది. అప్పుడే విమల ఫోను చేసింది.

"పిన్నిగారు పొద్దున్నుంచీ ఫోను ఎత్తడం లేదండి. ఒకసారి వెళ్లి చూడండి" అంది.

సుదర్శనం వెళ్లాడు. వీధి తలుపు వేసి ఉంది. అది లాగితే దానంతట అదే తాళం పడిపోయే తలుపు. లోపల మనిషి ఉన్నదీ లేనిదీ బయటికి తెలియదు. రెండుమూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఇంటికి వచ్చి ఆ మాటే విమలకు చెప్పాడు.

"అయితే గోడ తట్టండి" అంది విమల. "ఇంట్లో ఉంటే బదులు తడతారు."

"గోడ తట్టడమేమిటి?" అన్నాడు సుదర్శనం.

పెళ్లయ్యాక ఆయన భార్యను అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. విమల గోడ సంగతంతా చెప్పింది. అప్పడాల కర్ర, గరిటె, పొద్దుటి పలకరింపు, అన్నీ చెప్పింది. వింటూ సుదర్శనం గోడ వైపు చూశాడు. దగ్గరికి వెళ్లి స్క్రూడ్రైవర్ పిడితో ప్యానెల్ మీద తట్టాడు. పరుపు మీద కొట్టినట్టు మెత్తగా మోగింది. అవతలినుంచి ఏమీ వినపడలేదు.

"బదులు లేదు" అన్నాడు.

విమల ఊపిరి పీల్చుకుంది. బదులు లేదంటే ఇంట్లో లేనట్టేననీ, పెద్దాపురంలో వాళ్ల అక్కగారింటికి వెళ్లి ఉంటారనీ చెప్పి ఫోను పెట్టేసింది.

చూశారా, ఆయన అబద్ధం ఆడలేదు. బదులు నిజంగానే లేదు. కానీ ఆ గోడ ఇప్పుడు వినపడని గోడ అని విమలకు చెప్పలేదు. చెబితే ముచ్చటపడి చేసిందంతా ముందే బయటపడుతుంది, పైగా తన తెలివితక్కువతనమూ బయటపడుతుంది. అందుకని నోరు మూసుకున్నాడు.

కుర్చీలో కూర్చుని గోడ చూశాడు. పెద్దాపురం వెళ్లే ఉంటుందని తనకు తానే చెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు. ఎదురింటివాళ్లను అడిగితే తాయారమ్మ బయటికి వెళ్లిందో లేదో ఒక్క మాటలో తేలిపోయేది. గుమ్మం దాకా వెళ్లాడు. అడగలేక వెనక్కి వచ్చాడు. ఎదురింటివాళ్లను ఒక మాట అడగడం కంటే తన చేత్తో అతికించిన ప్యానెల్ తన చేత్తో ఊడబీకడమే ఆయనకు తేలికనిపించింది. మనిషి స్వభావం అంత మొండిది.

స్క్రూడ్రైవర్ దూర్చి మధ్య ప్యానెల్ పైకి లేపాడు. జిగురు గట్టిగా పట్టుకుని ఉంది. రెండు చేతులతో లాగితే నిలువునా విరిగి వచ్చింది. వెనకనున్న ఫోము చింపి పారేశాడు. గోడకు చెవి ఆనించాడు.

అవతల ఎవరో తడుతున్నారు. టక్ అని ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి. ఓపిక అయిపోయిన చేతి దెబ్బ అది.

సుదర్శనం వీధిలోకి పరుగెత్తాడు. "ఎవరైనా రండి బాబూ, కాస్త సాయం చేయండి. తాయారమ్మగారు లోపల పడిపోయారు" అని వీధంతా వినపడేలా అరిచాడు. ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి అలా అరిచేసరికి జనం అన్నం ముందు నుంచి లేచి వచ్చారు. ఎదురింటి అన్నదమ్ములు తలుపు విరగగొట్టారు.

తాయారమ్మ వంటగదిలో గోడ వారగా పడి ఉంది. తడి నేల మీద కాలు జారిందట. లేవలేకపోయింది. ఫోనేమో ముందు గదిలో ఉండిపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది. అప్పడాల కర్ర మాత్రం చేతిలోనే ఉంది. అందరూ కలిసి ఆవిడను కాకినాడ తీసుకెళ్లారు. తుంటి ఎముక విరిగిందన్నారు డాక్టర్లు. పొద్దున్నుంచీ నీళ్లు కూడా లేకుండా పడి ఉండడంతో మనిషి బాగా నీరసించిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమనీ అన్నారు.

ఆపరేషన్ అయ్యాక సుదర్శనం ఆవిడను చూడడానికి వెళ్లాడు. మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. తాయారమ్మే ముందు మాట్లాడింది.

"నేను పడేసరికి నువ్వు ఇంట్లోనే ఉన్నావు బాబూ. నీ డ్రిల్లు చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. నువ్వు ఆపినప్పుడల్లా తట్టాను. మళ్లీ నీ పని నువ్వు మొదలుపెట్టావు. నా మీద ఏమైనా కోపమా?" అంది.

సుదర్శనానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చచ్చిపోవాలనిపించింది. ఇదైనా దాచకూడదనుకున్నాడు.

"కోపం కాదు పిన్నిగారూ. నాకు వినపడలేదు. వినపడకుండా గోడ నేనే మూసేశాను. మీరు ఎందుకు తడతారో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు" అన్నాడు.

"నన్ను ఒక్క మాట అడిగితే పోయేది కదా" అంది తాయారమ్మ. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా ఆయనకు అంత బాధ ఉండేది కాదు.

విమల వచ్చింది. వచ్చి హాలు చూసింది. గోడంతా మెరిసిపోతోంది, మధ్యలో ఒక ప్యానెల్ మాత్రం లేదు, అక్కడ పాత గోడ పెచ్చులతో సహా కనపడుతోంది. జరిగిందంతా సుదర్శనమే చెప్పాడు, ఏదీ వదలకుండా. రెండు రోజులు విమల ఆయనకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు. ఆ తర్వాత గరిటె తెచ్చి ఆ ఖాళీ పక్కన మేకుకు తగిలించింది.

తాయారమ్మ ఇంటికి వచ్చింది గానీ మునుపటి మనిషి కాలేదు. నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని నడిచేది. కాలితో మిషన్ తొక్కలేకపోయింది. మిషన్ ఆగితే ఆవిడకు తిండి ఆగినట్టే. ఒక ఆదివారం సుదర్శనం వాళ్లింటికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. నోరు పెగల్చుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

"పిన్నిగారూ, మిషన్‌కు మోటారు బిగించమంటారా? తొక్కక్కర్లేదు, చేత్తో మీట నొక్కితే తిరిగేలా చేస్తాను. మీకు ఇష్టమైతేనే" అన్నాడు.

తాయారమ్మ సరేనంది. మీట కుడివైపు వద్దనీ, తనకు ఎడమచెయ్యి అలవాటనీ చెప్పింది. అడక్కపోతే ఆయన దాన్ని కుడివైపే పెట్టేవాడు. మిషన్ కిటికీ పక్కకు జరపమనీ, అక్కడైతే వెలుతురు బాగుంటుందనీ చెప్పింది. అవన్నీ విని, ఒకటికి రెండుసార్లు అడిగి, ఆవిడ చెప్పినట్టే బిగించాడు. మిషన్ మళ్లీ తిరిగింది.

ఇప్పటికీ సుదర్శనం వాళ్ల హాలుకు వచ్చినవాళ్లు గోడను మెచ్చుకుంటారు. మధ్యలో ఆ ఖాళీ ఏమిటి, సామాను చాల్లేదా అని అడుగుతారు. అది పిన్నిగారి చోటు అంటాడాయన. పొద్దున్నే అక్కడ చప్పుడవుతుంది. విమల చేతిలో పని ఉంటే ఆయనే వెళ్లి గరిటె అందుకుని బదులు తడతాడు.

పిల్లలూ, ఏదైనా మూసేసే ముందు దాని అవతల ఎవరున్నారో, అది వాళ్లకు ఎందుకు కావాలో అడిగి తెలుసుకోవాలి. అడగడం వల్ల ఎవరూ చిన్నవాళ్లు కారు, అడగకపోవడం వల్ల మాత్రం ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుంది.