సమంగా విడిపోని సేన

అనగనగా సుబాహుడనే రాజు. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఏడు సముద్రాల అవతల వికటదంతుడనే మాంత్రికుడు ఉండి, ఆయన పడవలన్నీ ముంచేసేవాడు. వాడి మీదికి సేన పోతే సమానమైన వరుసలుగా నిలబెట్టి మంత్రం చదివేవాడు. అంతే, అందరూ రాళ్ళే. ఒకే వరుసైనా, ఒక్కొక్కరే విడిగా నిలబడినా మంత్రం పారదు. పొద్దు గుంకేలోగా సమంగా పంచలేకపోతే వాడి మాయంతా పోతుంది.

పెద్దకొడుకు తనతో కలిపి వెయ్యిమందితో వెళ్ళాడు. వరుస వంకరపోతే ఆ రాజ్యంలో నామోషీ. అందుకే పది బారులు తీరి దర్జాగా దిగారు, రాళ్ళయ్యారు. రెండోవాడు తెలివిగా ఒక్కణ్ణి ఎక్కువ తీసుకెళ్ళాడు. మాంత్రికుడు కాసేపు తల గోక్కుని ఏడు వరుసలు వేశాడు. ఒక్కరూ మిగల్లేదు. వాళ్ళూ రాళ్ళే.

"నువ్వు వెళ్ళొద్దమ్మా" అన్నాడు రాజు, తానూ వెళ్తానన్న కూతురు హేమాంగితో.

"అన్నయ్యలు అక్కడ రాళ్ళై పడుంటే నేనిక్కడ పూలు కట్టుకుంటూ కూర్చోను నాన్నగారూ" అంది.

చింతపిక్కల కుప్ప ముందేసుకుని వరుసలు పేర్చసాగింది. ఒకసారి ఆమె నీళ్ళలోంచి తీసి బతికించిన చీమ వచ్చి, "తల్లీ, ఎన్ని వరుసలేసినా పిక్కలు మిగిలిపోయే సంఖ్య వెతుకు. ముప్ఫై రెండు వరుసలు దాటక్కర్లేదు. ఆపైన వేసేవన్నీ ముందు చూసిన వరుసలే, నిలువువి అడ్డంగా తిరుగుతాయంతే" అంది.

పేర్చి పేర్చి వేళ్ళు నొప్పెట్టాక వెయ్యిన్నీ తొమ్మిది దొరికింది. వెయ్యిన్నీ ఎనిమిదిమందిని వెంటబెట్టుకుని, వెయ్యిన్నీ తొమ్మిదో మనిషి తనై, ఏడు సముద్రాలు దాటింది.

మాంత్రికుడు రెండు వరుసలేశాడు, ఒకరు మిగిలారు. మూడేశాడు, ఒకరు మిగిలారు. అయిదేశాడు, నలుగురు మిగిలారు. ముప్ఫై రెండు దాకా పోయినా ఎవరో ఒకరు మిగులుతూనే ఉన్నారు. పొద్దు వాలింది. వాడి గొంతు మెత్తబడింది.

"అమ్మాయీ, నువ్వొక్కదానివే అడ్డు. పక్కకి తప్పుకో, నీ అన్నలిద్దర్నీ ఇచ్చేస్తాను."

ఎదురుగా అన్నల రాతిముఖాలు. హేమాంగికి ఏడుపొచ్చింది.

"నేను తప్పుకుంటే నన్ను నమ్మి వచ్చినవాళ్ళు రాళ్ళవుతారు. తప్పుకోను. ఏం చేసుకుంటావో చేసుకో."

వాడు తిట్టాడు, బెదిరించాడు, బతిమాలాడు. ఆమె కదల్లేదు. సేనలో ఒక్కరూ కదల్లేదు. పొద్దు గుంకింది. రాళ్ళన్నీ ఒళ్ళు విరుచుకుని మనుషులయ్యాయి. వికటదంతుడు బక్కచిక్కిన ముసలివాడిగా మిగిలాడు.

ఇంటికి చేరాక రాజు సంతోషం పట్టలేక, రాజ్యాన్ని మూడు సమాన భాగాలు చేసి పిల్లలకిస్తానన్నాడు.

హేమాంగి లేచి నిలబడింది. "మాంత్రికుడే మమ్మల్ని పంచలేకపోయాడు. మీరు పంచుతారా నాన్నగారూ?"

అన్నలిద్దరూ లేచి కిరీటం తెచ్చి చెల్లెలి తలమీద పెట్టారు. తర్వాత ఆమె తనకి నచ్చిన రాకుమారుణ్ణి పెళ్ళాడింది. అన్నల్ని చెరోపక్క కూర్చోబెట్టుకుని, జుట్టు నెరిసేదాకా ఏలింది. ఆ రాజ్యాన్ని విడదీసే గట్టు ఒక్కటి కూడా అడ్డంగా వెయ్యనివ్వలేదు.