అవిసె నూనెకి వేడి తగిలింది

ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురముంటోందని సింహాలమ్మకి గట్టి నమ్మకం. పెద్దకొడుకు పైడయ్య, చిన్నకొడుకు అప్పలకొండ వీధిలో ఎదురుపడితే జనం పక్కకి తప్పుకునేవారు. అది మర్యాదని వాళ్ళు మురిసిపోయేవారు.

ఒకసారి సింహాలమ్మకి ఒళ్ళంతా పొడిబారిపోయి, నీరసం పట్టుకుంది. కొడుకులకి అమ్మంటే ప్రాణం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

"కొన్ని కొవ్వుల్ని ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోలేదయ్యా, తిండిలోంచే రావాలి. అవిసె నూనె రోజుకో చెంచా చద్దన్నంలో కలిపి పెట్టండి. చేపలు కూడా పెట్టండి. నూనెకి మాత్రం వేడి తగలనివ్వకండి, మంచి కొవ్వు పాడైపోతుంది" అన్నాడాయన.

అంతే. దారిలో నూనె సీసా కొని, ఉన్న ఒక్క గొడుగూ దానికే పట్టారు. జబ్బుమనిషి మిట్టమధ్యాహ్నపు ఎండలో నడిచింది. పైగా, "సీసా ఎంత చల్లగా ఉన్నాదో చూడండర్రా!" అని సంబరపడింది.

ఇంటికి రాగానే పైడయ్యకి పొయ్యిలో నిప్పు కనబడింది. ఇంకేముంది, బిందెడు నీళ్ళు గుమ్మరించాడు. చద్దన్నం మిగిలింది, అదే నయం. నూనె కలపబోతూ అప్పలకొండ అమ్మ నుదురు తాకి అదిరిపడ్డాడు.

"అన్నా! అమ్మ వెచ్చగా ఉన్నాది!"

"బతికున్న మనిషి వెచ్చగా ఉండదేటి?"

"మరి నూనె కడుపులోకెళ్తే వేడి తగలదేటి?"

తమ్ముడి తెలివికి పైడయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇద్దరూ కలిసి అమ్మని నీళ్ళ గోలెంలో కూర్చోబెట్టారు. ఆవిడ పళ్ళు టకటకలాడాయి. నోట్లో వేలు పెట్టి చూస్తే లోపల ఇంకా వెచ్చనే.

"ఇంకాస్త చల్లబడే, అమ్మా!"

"బడతన్నాను నాయనా... కంగారెట్టకండి."

అప్పలకొండ బజారుకెళ్ళి బతికున్న కొర్రమీనుని తెచ్చాడు. ముట్టుకుంటే చల్లగా ఉంది. ఈ ఇంట్లో నూనె తాగే యోగ్యత దీనికొక్కదానికే ఉందని తేల్చి, చెంచాడు నూనె దాని నోట్లో పోశారు. ఇంకేముంది, కడుపులో నూనె ఉన్న చేపని వండకూడదు కదా! దాన్నీ అమ్మ పక్కనే గోలెంలో వదిలారు.

సాయంత్రం అటుగా వెళ్తూ డాక్టరు తొంగి చూశాడు. సింహాలమ్మ పెదాలు నల్లబడ్డాయి, కళ్ళు తేలేస్తోంది.

"పొద్దుట్నుంచీ తిండి పెట్టారా?"

"పూర్తిగా చల్లబడనీండి బాబూ, పెడతాం."

"పూర్తిగా చల్లబడితే పెట్టాల్సింది పిండమేరా, వెధవల్లారా!"

ఆయన ఆవిడని బయటికి లాగి, పొడిచీర కట్టుకు రమ్మని, దుప్పటి కప్పి, చద్దన్నంలో నూనె కలిపి ముద్దలు పెట్టాడు. కాసేపటికి ముఖంలో జీవం వచ్చింది. కొడుకులు మాత్రం వేడి తగిలి నూనె పాడైపోయిందని గొల్లుమన్నారు.

"పొయ్యి మీద పెట్టొద్దన్నానంతే! తిన్నాక ఏమీ కాదు. ఇదిగో, నేనూ తింటున్నాను, చూడండి" అని డాక్టరు ఓ ముద్ద మింగాడు.

సింహాలమ్మ ఆయన నుదురు తాకింది. ఆయన కోపానికి అది కుతకుతలాడుతోంది.

"ఒరే, చూస్తారేటి! నాదెలాగూ పాడైపోనాది, బాబుగారిదైనా కాపాడండర్రా!"

అంతే. ముగ్గురూ కలిసి డాక్టరుని ఎత్తి గోలెంలో కుదేశారు.