తవిటమ్మ గంట

అనగనగా ఒక కొండ, ఆ కొండకో ఘాటురోడ్డు, ఆ రోడ్డుకి ఏడు మలుపులు. ఊఁ కొట్టండి. కొట్టకపోతే మొదటి మలుపులోనే దింపేసి పోతాను.

కొండ మీదికి ఆటోలు కొత్తగా వచ్చిన కాలం అది. ఎన్నేళ్ళయిందో నన్నడక్కండి, మా తాతకే తెలీదు. దిగే దారిలో, మొదటి మలుపుకి ముందు, ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో తవిటమ్మ ఉండేది. ముందు పుట్టిన ముగ్గురూ పోతే, ఇదైనా దక్కాలని వాళ్ళమ్మ చేటెడు తవుడికి పక్కింటామెకు అమ్మినట్టు అమ్మి మళ్ళీ తెచ్చుకుంది. అందుకని ఆ పేరు.

ఆవిడ మొగుడు మెకానిక్కు. బ్రేకు పట్టక ఏడో మలుపులో లోయలోకి పోయాడు. ఆ తర్వాత అతని పానాలూ పనిముట్లూ ఆవిడే పట్టుకుంది.

కొండ ఊళ్ళు తిరిగి వచ్చిన ఆటోని షెడ్డు ముందు ఆపేది. చక్రం మధ్యనున్న బ్రేకు డ్రమ్ముకి అరచేతి వెనక వైపు ఆనించేది. మిగతావాటికన్నా కాలిపోతుంటే బ్రేకు పట్టేసి తిరుగుతోందని లెక్క. చల్లగా ఉంటే అసలు పట్టడమే లేదని. తర్వాత డ్రమ్ము విప్పి లోపలి లైనింగు ఎంత అరిగిందో చూసేది. ఆఖరికి ఆ డ్రమ్ముని వేలికి తగిలించి పానాతో కొట్టి వినేది. టంగుమంటే మంచిది. టప్పుమంటే బీట వారింది.

ముట్టుకుంది. చూసింది. కొట్టి విన్నది. మూడు చక్రాలకీ మూడేసి పనులు.

"ఎంతసేపే అత్తా, పెళ్ళికూతురికి నలుగెడతన్నావేటి?" అని డ్రైవర్లు విసుక్కునేవాళ్ళు.

"లోయకి తొందర నేదు నాయనా. నీకేటి తొందర?" అనేది తవిటమ్మ.

డ్రమ్ములో పేరుకున్న నల్ల దుమ్ముని ఆవిడ నోటితో ఉఫ్ఫుమని ఊదేది. తడిగుడ్డతో తుడవమని చెప్పే దిక్కు లేదప్పట్లో. ఆ దుమ్మే ఆవిడ ఊపిరితిత్తుల్లో చేరింది. దగ్గి దగ్గి ఒక ముసురు రోజున పోయింది పాపం. షెడ్డు వెనకే పాతిపెట్టారు. డ్రైవర్లందరూ ఏడ్చారు. ఏడ్చి, మర్నాటినుంచి ఆగకుండా దిగిపోయారు. వాళ్ళ ప్రాణానికి హాయిగానే ఉంది.

మూడు నెలలు పోయాయి. మంచు దిగింది.

ఒక పొద్దున్న సింగన్న ఆటో షెడ్డు దాటుతోంది. వెనక చక్రంలోంచి మోత వచ్చింది. టంగ్. టంగ్. టప్. అతను బ్రేకు తొక్కనే లేదు. భయపడి ఆపి డ్రమ్ము విప్పాడు. లోపల బ్రేకాయిలు కారి లైనింగు తడిసి ముద్దయింది.

వారం తిరక్కుండా పెంటయ్య ఆటో వచ్చింది. టంగ్. టంగ్. టప్. విప్పి చూస్తే లైనింగు అరిగిపోయి దాన్ని బిగించిన రివిట్లు తేలాయి. పెంటయ్య షెడ్డుకి దండం పెట్టి, ఆటోని తోసుకుంటూ వెనక్కి పోయాడు.

మూడోవాడు దాలినాయుడు. అతనికి ఒక్కత్తే కూతురు, పోలమ్మ. పెళ్ళి కింద ఊళ్ళో, మగపెళ్ళివారింట్లో. పొద్దుటి ముహూర్తం. ముందురోజు అతని ఆటో బ్రేకు వేసినప్పుడల్లా కీచుమని ఏడుస్తోంది.

"పెళ్ళిబండి ఏడిస్తే పిల్ల బతుకంతా ఏడుపేరా తమ్ముడూ" అంది అతని అప్ప.

ఆ మాట దాలినాయుడి గుండెలో ముల్లులా దిగింది. డ్రమ్ములు విప్పి, లైనింగుల మీద గ్రీజు పూసేశాడు. గ్రీజు తగిలితే బ్రేకు జారుతుందని తెలిసిన డ్రైవరై ఉండి ఆ పని చేశాడంటే పిల్ల మీద ఎంత ప్రేమో చూడండి. ప్రేమ ఉన్నచోట బుద్ధి ఉండాలని ఎక్కడుంది? ఆటో నోరు మూసుకుంది. అప్ప మురిసిపోయింది.

తెల్లారింది. ముందు మనిషి కనపడనంత మంచు. పోలమ్మ బాసికం కట్టుకుని వెనక కూర్చుంది, పక్కన మేనత్త, అదే దాలినాయుడి అప్ప. ఆటో షెడ్డు దగ్గరికి వచ్చింది.

టంగ్. టంగ్. టప్.

"నాన్నా, ఆపు" అంది పోలమ్మ.

"ఆపకు. పెళ్ళిబండి దారిలో ఆగకూడదు" అంది మేనత్త.

"ముహూర్తం దాటిపోద్దమ్మా" అన్నాడు దాలినాయుడు.

పోలమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నడుస్తున్న ఆటోలోంచి దూకేసింది.

దాలినాయుడు అదిరిపడి బ్రేకు తొక్కాడు. ఆటో ఆగలేదు. మళ్ళీ తొక్కాడు. ఆగలేదు. హ్యాండుబ్రేకు లాగాడు, అదీ ఆపలేదు. ఆటో మెల్లగా, చప్పుడు చేయకుండా, మంచులోకి జారుకుంటూ పోయింది. మొదటి మలుపు అంచున పాతిన రాయికి ముందు చక్రం తగిలి నిలబడింది. ఆ రాయికి అవతల ఏమీ లేదు.

మేనత్తని దింపి, అతను డ్రమ్ము విప్పాడు. గ్రీజు మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. ఎవరో లోపల చెయ్యి పెట్టి తుడవబోయినట్టు ఉంది. పూసినప్పుడు అతను గుడ్డతో పూశాడు. పరిగెత్తుకొచ్చిన పోలమ్మ చేతులు చూశాడు. పసుపు తప్ప ఏమీ లేదు.

దాలినాయుడు వెనక్కి నడిచొచ్చి షెడ్డు ముందు కూలబడ్డాడు. "అత్తా, దాని నోరు మూసింది నానే. నా పిల్ల ఏడవకూడదనే మూసినాను" అని గుండె పగిలేలా ఏడ్చాడు.

పెళ్ళికూతురు ఏడు మలుపులూ నడిచి దిగింది. గంట ఆలస్యమైంది. మగపెళ్ళివారు మండిపడ్డారు, అంతా విన్నాక ఇంకో ముహూర్తం పెట్టించారు. పోలమ్మ పిల్లాపాపలతో నిండుగా బతికింది.

ఇప్పటికీ ఆ కొండ మీద పెళ్ళికూతురు గంట ముందే బయల్దేరుతుంది. దాన్ని తవిటమ్మ గంట అంటారు. మగపెళ్ళివారు ఆ గంట గురించి పల్లెత్తు మాటనరు. షెడ్డు దగ్గర పెళ్ళికూతురు దిగి, మూడు చక్రాలకీ అరచేతి వెనక వైపు ఆనిస్తుంది. డ్రైవరు డ్రమ్ములు విప్పి చూసి, కొట్టి వింటాడు. మంచు రోజుల్లో ఒక్కోసారి, అందరూ చేతులు తీసేశాక కూడా, ఏదో ఒక డ్రమ్ము మీద ఇంకో చెయ్యి ఉన్నంత మేర మంచు పట్టదు. అప్పుడు ఆటోని అక్కడే వదిలేసి, పెళ్ళికూతురు చెప్పులు విప్పి ముందు నడుస్తుంది, పెళ్ళివారంతా ఆమె వెనకే నడిచి దిగుతారు.