ఎరుకబండ మీద మాస్టారి పేరు

వాగు మలుపు తిరిగేచోట, పడుకున్న ఏనుగంత నల్లబండ ఒకటి ఉంది. అడవిలో అందరూ దాన్ని ఎరుకబండ అంటారు. ఏ మడుగులో మొసలి ఉంది, ఏ గుహ ఖాళీగా ఉంది, ఏ విద్యాపీఠంలో ఏం చెబుతారు, అన్నీ దాని మీద ఎర్రటి జాజుమట్టితో రాసి ఉంటాయి. బండ కాపలాదారు తప్ప ఎవరైనా వచ్చి రాయొచ్చు. కట్టుబాటు ఒక్కటే. రాసిన ప్రతి మాట కిందా, దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు గాని, చూసినవాళ్ళ నోట విన్నవాళ్ళు గాని వచ్చి అడుగుముద్ర వెయ్యాలి. ఆ వేసేవాళ్ళు, మాట ఎవరి గురించో ఆ గూటివాళ్ళు కాకూడదు. కాకి పిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా!

ముద్ర లేని మాట కనిపిస్తే దాని పక్కన ఒక తుమ్మముల్లు ఆనించి పెడతారు. పదిహేను రోజులు గడువు. సాక్షి వస్తే ముల్లు తీసేస్తారు, రాకపోతే మాటనే తుడిచేస్తారు.

ఆ ముళ్ళు పెట్టే పని తాబేలు నింపాదమ్మది. వయసు వందకి పైమాటే. పని నెమ్మది, మాట నెమ్మది, తప్పు మాత్రం దొర్లనివ్వదని పేరు. ఆవిడ చదువుకున్నది ఎలుగుకొండ విద్యాపీఠంలోనే. దాని గురించి బండ మీద ఉన్నది ఇంతే: "ఎలుగుకొండ విద్యాపీఠం. వాగుకి తూర్పున ఉంది. గురువులు పదకొండుమంది. వానాకాలం సెలవు." కింద ఉడుత ముద్ర, దుప్పి ముద్ర.

రోజూ పొద్దున్నే ఆ నాలుగు ముక్కలూ చదువుకునేది నింపాదమ్మ. చదివిన ప్రతిసారీ ఆవిడకి ఓబులయ్య మాస్టారు గుర్తొచ్చేవాడు. ఆయన గాడిద. తాబేలు పిల్ల కొండెక్కి వచ్చేసరికి మిగతా పిల్లల పాఠం అయిపోయేది. వారం రోజులు చూశాడాయన. ఎనిమిదో రోజు పిల్లలందరినీ వెంటబెట్టుకుని కొండ సగం దిగి వచ్చి, "ఇవాళ్టి నుంచి బడి ఇక్కడే" అని అక్కడే పాఠం మొదలుపెట్టాడు. నాలుగేళ్ళు అలాగే చెప్పాడు. ఆ రోజుల్లో బండ మీద రాతలు లేవు. ఆ పాఠం విన్న కుందేళ్ళు, జింకలు, కోతులు ఎప్పుడో పోయాయి. మిగిలింది నింపాదమ్మ ఒక్కతే. ఆవిడ ఆ బడి పిల్ల, పైగా బండ కాపలాదారు. ఆవిడ ముద్ర చెల్లదు, ఆవిడ నోట విన్నవాళ్ళదీ చెల్లదు. తన మాస్టారి పేరు ఒక్కసారి ఆ బండ మీద చూసుకోవాలని ఆవిడకి ఎంత కోరికో చెప్పలేం.

వానలు వెనకబట్టి, పిల్లల్ని బళ్ళలో వేసే రోజులు వచ్చాయి. ఒక ఉదయం ఆవిడ వచ్చేసరికి విద్యాపీఠం మాటల కింద కొత్త వరస ఒకటి నిగనిగలాడుతోంది. "మూడు అడవుల్లోకీ మేటి. ఇక్కడ చదివినవారిలో నూటికి తొంభైతొమ్మిది మంది పులి కొలువులో చేరారు." పక్కనే నక్క నేర్పయ్య తోకకి అంటిన జాజు నాక్కుంటూ కూర్చున్నాడు. విద్యాపీఠానికి గొప్పలు చెప్పిపెట్టే పని అతనిది.

"ఏందబ్బీ ఇది?" అంది నింపాదమ్మ.

"నిజం అవ్వా! మా విద్యాపీఠం ఎంత గొప్పదో నీకు నేను చెప్పాలా?"

"మేనమామకి పుట్టింటి సంగతులు చెప్పొచ్చావా? నేను అక్కడ చదివిందాన్నే. సాక్షులేరి?"

"వస్తారు. ఏటి అవతలి చిలకలు. మా గూటివాళ్ళు కూడా కారు."

"వచ్చినాక చూద్దాం" అంటూ ఆవిడ ముల్లు తెచ్చి ఆనించబోయింది. నేర్పయ్య ఆవిడ ముఖంలోకి ఓ క్షణం చూశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, నేర్పయ్యకి మనసులో కోరిక దాచుకున్నవాళ్ళు ఇంకా లోకువ.

"అవ్వా, మీ మాస్టారు ఒకాయన ఉండేవాడటగా. ఓబులయ్య మాస్టారు."

ముల్లు ఆవిడ నోట్లోంచి జారిపోయింది. ఆ పేరు వేరొకరి నోట విని ఎన్నేళ్ళయిందో!

"నీకెవరు చెప్పారు?"

"విద్యాపీఠం పాత చిట్టాలో నీ పేరు పక్కన ఆయన పేరుంది, అంతకుమించి లేదు. కానీ ఆ చిలకల ముత్తాతలు ఆయన పాఠం చెట్టు మీద కూర్చుని విన్నారట. తరతరాలుగా అప్పచెప్పుకుంటున్నారట. పాపం, అంతటి మాస్టారికి ఈ బండ మీద వేలెడు చోటు లేదు. నువ్వు రాసి పెట్టు. ముద్ర వాళ్ళు వేస్తారు."

ఆవిడకి తెలుసు, కాపలాదారు తన మాస్టారి గురించి తాను రాయకూడదని. అయినా మనసు ఆగలేదు. జాజులో కాలు ముంచి రాసింది. "ఇక్కడ ఓబులయ్య అనే గాడిద మాస్టారు పనిచేశారు. నడవలేని పిల్ల కోసం బడిని కొండ సగం దించారు." నేర్పయ్య మాటకి ముల్లు పెట్టి, తన మాటకీ తనే పెట్టింది. ఆమాత్రం న్యాయం మిగిలి ఉంది ఆవిడలో.

ఆ పదిహేను రోజులూ నింపాదమ్మ బండ వదలలేదు. మేతకి వెళ్ళినా మనసు ఇక్కడే. ఎండ పడితే అక్షరాలు మెరుస్తున్నాయా అని చూసేది, మబ్బు పడితే చెరిగిపోతాయేమోనని చూసేది. దారినపోయే లేళ్ళు ఆగి పైకి చదివితే, "మళ్ళీ చదవండర్రా" అని అడిగేది. ఆ పేరు ఇంకొకరి గొంతులో వింటుంటే, కొండ సగంలో ఎండలో నిలబడి తన కోసం ఎదురుచూసే ఆ పెద్ద చెవులు కళ్ళముందుకి వచ్చేవి. ఈ మధ్యలో ఒక కందిరీగ వచ్చి నేర్పయ్య రాసిన వరస మీద మట్టిగూడు కట్టుకుంది. ఆవిడ పట్టించుకోలేదు.

గడువు రోజు ఉదయానికి అడవి సగం బండ దగ్గరే ఉంది. పిల్లల్ని ఏ బడిలో వెయ్యాలో తేల్చుకోవాలని తల్లులు, తండ్రులు వచ్చారు. నేర్పయ్య ముందు నడవగా ఆరు చిలకలు బారులు తీరి వాలాయి. వాటిలో పెద్దది గొంతు సవరించుకుంది.

"ఓబులయ్య అనే గాడిద మాస్టారు పనిచేశారు. నడవలేని పిల్ల కోసం బడిని కొండ సగం దించారు!"

నింపాదమ్మ కళ్ళనిండా నీళ్ళు. "అవును తల్లీ, అవును" అంటూ మాస్టారి మాట పక్కనున్న ముల్లు తీసి పక్కన పడేసింది. చిలక జాజులో కాలు ముంచి ముద్ర వేసింది. ఇన్నేళ్ళ కోరిక తీరింది.

"ఇక రెండోది కూడా కానివ్వండి" అన్నాడు నేర్పయ్య, మీసం దువ్వుకుంటూ.

చిలకలన్నీ ఒక్క గొంతుతో అందుకున్నాయి. "మూడు అడవుల్లోకీ మేటి. ఇక్కడ చదివినవారిలో నూటికి... మంది పులి కొలువులో చేరారు!"

"నూటికి ఎంతమంది?" అంది నింపాదమ్మ.

చిలకలు మొహాలు చూసుకున్నాయి. మళ్ళీ మొదటినుంచి వల్లించాయి. మళ్ళీ అక్కడే ఆగాయి.

"ఎంతమందో చెప్పండమ్మా."

"అక్కడ మట్టి ఉందమ్మా" అంది పెద్ద చిలక, ఉన్నమాట.

జనం ఒక్కసారి గొల్లున నవ్వారు. దుప్పి ముందుకొచ్చి బండని చూసింది. "తొంభైతొమ్మిది" అన్నచోట సరిగ్గా కందిరీగ గూడు. "అంటే అవ్వ మేతకి పోయినప్పుడు మీరు వచ్చి ఈ బండనే చదువుకుని, ఈ బండకే సాక్ష్యం చెబుతున్నారా?"

"మరి? నక్కబావ ఇదే వల్లించమన్నాడు" అంది చిలక అమాయకంగా.

అందరూ నవ్వుతున్నారు. నింపాదమ్మ నవ్వలేదు. ఆవిడకి రెండో సంగతి కూడా తట్టింది. ముత్తాతలు లేరు, చెట్టు మీద విన్న పాఠం లేదు. చిలకలు అప్పచెప్పిన మాస్టారు తను రాసిన మాస్టారే. ఇన్నాళ్ళకి విన్నాననుకున్న ఆ గొంతు, తన గొంతే.

నేర్పయ్య మెల్లగా చెవి దగ్గరికి వచ్చాడు. "అవ్వా, నాది తుడిచేసుకో. నీది ఉండనీ. గూడు కట్టింది నా వరస మీదే కదా, నీ దాని సంగతి ఎవరికీ తట్టలేదు. పైగా అది నిజమేగా?"

"నిజమే" అంది నింపాదమ్మ. "నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలదు నాయనా. నాది ఉంచితే నీది ఏ మొహంతో తుడవను?"

తడి ఆకు తీసుకుంది. మొదట మాస్టారి పేరే తుడిచింది. ఒక్కొక్క అక్షరం మీదా ఆకు ఆగుతూ పోయింది. "ఓ" తుడిచేటప్పుడు ఆవిడకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తర్వాత నేర్పయ్య వరస తుడిచింది. దానికి ఒక్క ఊపు చాలింది.

"ఈ తప్పులో నాకూ వాటా ఉంది" అంది అందరి వైపు తిరిగి. "రాయకూడనిది రాశాను. ఇప్పుడు మీరంతా కళ్ళారా చూసింది ఒకటుంది. అదీ నా చేత్తో వద్దు, దుప్పీ, నువ్వు రాయి."

దుప్పి రాసింది. "ఈ విద్యాపీఠం తరఫున ఒక నక్క, బండ మీది మాటలు చిలకలకి నేర్పించి, వాటినే సాక్షులుగా తెచ్చింది. బండ కాపలాదారు తాబేలు కూడా ఆ చిలకల్ని నమ్మి ఒక మాట రాసి, తుడిచింది." కింద ఉడుత, కుందేలు, అడవిపంది, నెమలి బారులు కట్టి ముద్రలు వేశాయి. చిలకలు కూడా వేశాయి. ఈసారి అవి నిజంగా చూసినదానికే.

నేర్పయ్య లబోదిబోమన్నాడు. "అవ్వా, పిల్లల్ని బళ్ళో వేసే రోజులివి! అది తుడిచెయ్యి! నీ పరువూ పోయింది కదా అందులో!"

"ఇన్ని ముద్రలున్న మాట తుడిచే హక్కు నాకు లేదబ్బీ" అంది నింపాదమ్మ. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నక్క కొండదారి పట్టింది.

జనం వెళ్ళిపోయాక, బండ మీద తడిసిన జాగా ఒకటి కాసేపు మరింత నల్లగా మిగిలింది. అది ఆరిపోయేదాకా నింపాదమ్మ అక్కడే కూర్చుంది.

నీతి: పదిమంది చదివే రాతకి మన ప్రేమ సాక్ష్యం కాదు.