పెళ్లినాటి పురుగు

ఆ రోజుల్లో వకుళ దగ్గినా కేదారికి అనుమానమే.

ఇద్దరూ పరాంకుశం గారి శిష్యులు. ఆయన జీవితమంతా పెంకుపురుగులతో గడిపిన మనిషి. ‘సార్’ అంటే గిట్టదు, ‘గురువుగారూ’ అనాల్సిందే. ఆయన ప్రయోగశాలలో కిటికీ పక్క బల్ల కేదారిది. మామిడి కాండాన్ని తొలిచి తినే పురుగు జన్యువులను చదవడం అతని పని. పక్క బల్ల వకుళది. ఆమె గాజు పళ్లేల్లో బాక్టీరియాను పెంచుతుంది.

పేచీ అక్కడే మొదలైంది. పురుగు జన్యువుల మధ్య కేదారికి బాక్టీరియా జన్యువొకటి కనిపించింది. చెక్కను కరిగించే రసం తయారుచేసే జన్యువది. పురుగుకు అలాంటిది ఎందుకుంటుంది? పక్క బల్ల మీంచి వచ్చి పడిందనుకుని, బియ్యంలో రాయిని ఏరినట్టు ఏరి పారేశాడు.

మళ్లీ చదివాడు. మళ్లీ అదే. పురుగును స్పిరిట్‌తో కడిగి చదివాడు. అప్పుడూ అదే. తన సీసాలను బీరువాలో పెట్టి, తాళంవేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అయినా అది రావడం మానలేదు.

ఇక అతని బుర్ర పురుగును వదిలేసి మనిషి మీద పడింది. పొరపాటైతే ఒకసారి జరుగుతుంది, ఇది కావాలని చేస్తున్న పనే అనుకున్నాడు. వకుళ ఇచ్చిన టీ కూడా తాగడం మానేశాడు. ఆమె తన బల్ల వైపు వస్తే పని ఆపి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత అటు రావడమే మానేసింది. తప్పు చేయకపోతే ఎందుకు తప్పుకు తిరుగుతోందని దానికీ అనుమానపడ్డాడు.

ఒక ఉదయం గురువుగారి గదిలోకి వెళ్లి తలుపు మూశాడు.

“వకుళ నా పురుగుల్లో బాక్టీరియా కలుపుతోందండీ. ఇక్కడ ఆమైనా ఉండాలి, నేనైనా ఉండాలి. మీరే తేల్చండి.”

“కలుపుతుంటే చూశావా?”

“చూడాలా అండీ? ఇంకెవరు కలుపుతారు?”

పరాంకుశం గారు లేచారు. గోడకు వేలాడుతున్న అద్దాల పెట్టెను దించారు. అందులో సూది గుచ్చి ఉన్నది ఒకే ఒక్క పురుగు, కేదారి చదివే జాతిదే. ఆయన పెళ్లిరోజున వంటకని తెచ్చిన మామిడి దుంగలోంచి బయటికొస్తే, పీటల మీంచి లేచి వెళ్లి మరీ పట్టిన పురుగు అది. గురుపత్ని ఇప్పటికీ ఆ సంగతి చెప్పి, తన కంటే ముందు ఇంటికొచ్చిన సవతి అని నవ్వుతుంది. ఆ పెట్టెను ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వరు.

మూత తీశారు. పటకారుతో ఆ పురుగు వెనక కాలు పట్టుకుని పుటుక్కున విరిచారు.

కేదారి అడ్డుపడబోయాడు. “అయ్యో, గురువుగారూ!”

ఆయన ఆ కాలును చిన్న సీసాలో వేసి అతని చేతిలో పెట్టారు. “హైదరాబాదులో నా స్నేహితుడి దగ్గరికి పో. అక్కడ నీ చేత్తో నువ్వే చదువు. ఈసారి ఏమీ పారేయకు.”

కేదారి వెళ్లాడు. ఎండిన కాలు. అందులో పేగు లేదు, తిన్న తిండి లేదు. అయినా ఆ జన్యువు ఉంది. ఈసారి పారేయకుండా దాని అటూ ఇటూ చూశాడు. ఇటు పురుగు సొంత జన్యువే, అటూ పురుగు సొంత జన్యువే. మధ్యలో ఇది కుట్టేసినట్టు అతుక్కుని ఉంది. ఒకటి కూడా కాదు, పక్కనే దాని నకళ్లు, పిల్లల్లాంటివి, మరికొన్ని.

ఈ పురుగును పట్టేనాటికి వకుళ పుట్టనే లేదు. అది తట్టగానే కేదారి సీసా సర్దుకుని బయల్దేరాడు. తిరిగొచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు.

“ఉందా?” అన్నారాయన.

“ఉందండీ. కోట్ల ఏళ్ల కిందట దీని పూర్వీకులు ఏ బాక్టీరియా దగ్గరో తెచ్చుకుని ఉంటాయి. అప్పటినుంచి తల్లి నుంచి పిల్లకు వస్తోంది. దాంతోనే చెక్క తిని బతుకుతోంది. ఇప్పుడది పురుగుదేనండీ.”

“మరి కలిపిందెవరు?”



అంతలో గురువుగారిని భోజనానికి పిలవడానికి వకుళ లోపలికొచ్చింది. గోడ మీది పెట్టె చూసి ఆగిపోయింది.

“గురువుగారూ, పెళ్లి పురుగు కాలు విరిగింది! నేను ముట్టుకోలేదండీ. ఒట్టు. ఈ గదిలోకే రాలేదు.”

ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ పిల్ల ఇలా ఎన్నాళ్లుగా ఒట్లు సిద్ధం చేసుకుని తిరుగుతోందో కేదారికి అప్పుడు అర్థమైంది.

పరాంకుశం గారు పంచె చెంగుతో పెట్టె అద్దం తుడుస్తూ, అతని వైపు చూడకుండానే అన్నారు.

“కాలు ఎవరి వల్ల విరిగిందో ఆమెకు చెప్పు, కేదారీ.”